మాస్టర్ ఎవరి చేతిలో ఉంది? ఆనీ డిఫ్రాంకో: ఒక కేస్ స్టడీ

హనుమకొండలో చిన్న రికార్డింగు స్టూడియో నడుపుతూ, కొన్నేళ్లుగా జానపద గాయనీగాయకుల అగ్రిమెంట్లు చదివిపెట్టే పని కూడా నెత్తికెత్తుకున్నవాణ్ణి నేను. పాట తానే రాసి, బాణీ తానే కట్టి, తానే పాడుకునే మనిషి మా దగ్గరికి వచ్చినప్పుడు మొదట గొంతు గురించీ తాళం గురించీ మాట్లాడుకుంటాం. పాట జనంలోకి వెళ్లిన తర్వాత మాటంతా కాగితాల మీదికి మళ్లుతుంది. అలా మళ్లిన ప్రతిసారీ నేను వారికి చెప్పే జీవితం ఒకటుంది. అది అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు బఫలో నగరంలో పుట్టిన గాయని ఆనీ డిఫ్రాంకోది.

ఆమెతో నాకు ముఖపరిచయం లేదు. ఆమె ఆల్బమ్‌లు, 2019లో ఆమె ప్రచురించిన ఆత్మకథ, ఆమె కంపెనీ గురించి అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం, వీటిని నా వృత్తి చూపుతో పరిశీలించి రాస్తున్న కేసు ఇది. పెద్ద మ్యూజిక్ కంపెనీలు పిలిచినా వెళ్లని గాయనిగా ఆమె కథను చాలామంది చెబుతారు. నా దృష్టిలో ఆ కాదనడం ఆమె చేసిన పనుల్లో చిన్నది. పాట మూల రికార్డింగు, అంటే మేము మాస్టర్ అని పిలిచేది, పాడిన మనిషి చేతిలోనే ముప్పై ఏళ్లకు పైగా నిలవాలంటే ఆ మనిషి రోజూ ఏమేం మోయవలసి వస్తుందో ఆమె కెరీర్ చూపినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

బఫలో నుంచి మొదటి క్యాసెట్ దాకా

ఆమె 1970 సెప్టెంబరు 23న పుట్టింది. తొమ్మిదేళ్ల వయసులో మైఖేల్ మెల్డ్రమ్ అనే స్థానిక గాయకుడు గిటారు నేర్పుతూ, తన వెంట ఊళ్లోని చిన్న చిన్న బార్లకు తీసుకువెళ్లి పాడించేవాడు. అంటే ఆమెకు మొదట అబ్బింది స్టూడియో కాదు, వేదిక. ఎదుట గ్లాసులు చప్పుడవుతుండగా, సగంమంది వినకుండా మాట్లాడుకుంటుండగా, ఒక్క గిటారుతో వాళ్ల ముఖాలు తన వైపు తిప్పుకోవడం చిన్నప్పుడే అలవాటైంది. పద్నాలుగేళ్లకు సొంత పాటలు రాయడం మొదలుపెట్టింది. పదిహేనేళ్లకు తల్లి వేరే రాష్ట్రానికి మారిపోతే, చట్టప్రకారం పెద్దల సంరక్షణ అక్కరలేని మైనరుగా గుర్తింపు పొంది, ఒంటరిగా బఫలోలోనే ఉండిపోయింది. ఆ తర్వాత న్యూయార్క్ నగరానికి వెళ్లి న్యూ స్కూల్‌లో కవి సెకూ సుండియాటా దగ్గర కవిత్వం చదువుకుంది. మాట విరుపు, ఊపిరి ఎక్కడ తీయాలి, ఏ అక్షరం మీద బరువు వేయాలి అన్న విషయాల్లో ఆ పాఠం ఆమె పాటల్లో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాత కాలంలో ఆ గురువు ఆల్బమ్‌ను ఆమె కంపెనీయే విడుదల చేయడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

మొదటి ఆల్బమ్ 1990లో, ఆమె పేరుతోనే వచ్చింది. గిటారు, గొంతు, అంతే. 500 క్యాసెట్లు చేయించి, తాను పాడే చోటనే అమ్ముకుంది. అవి అయిపోయాయి, మళ్లీ చేయించింది. ఆ క్యాసెట్లు అమ్మడానికి పెట్టుకున్న పేరే కంపెనీ అయింది, తర్వాత రైచస్ బేబ్ రికార్డ్స్ అనే పేరు స్థిరపడింది. ఇరవై ఏళ్లు కూడా నిండని అమ్మాయి కంపెనీ పెట్టిందంటే గొప్పగా వినిపిస్తుంది గాని, అప్పట్లో అది ఒక పేరు, ఒక చిరునామా, కారు డిక్కీలో ఒక అట్టపెట్టె.

ఖర్చు తక్కువ కావడమే స్వేచ్ఛ

ఇక్కడ కొంచెం ఆగి లెక్క చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు కీలకమంతా ఈ లెక్కలోనే ఉంది. పెద్ద కంపెనీ గాయకుడికి ముందుగా అడ్వాన్సు ఇస్తుంది. ఆ డబ్బుతోనే స్టూడియో అద్దె, వాద్యకారుల కూలి, మిక్సింగు అన్నీ జరుగుతాయి. పాట అమ్ముడయ్యాక వచ్చే గాయకుడి వాటాలోంచి ఆ అడ్వాన్సు అంతా కోసుకున్న తర్వాతే అతని చేతికి మొదటి రూపాయి వస్తుంది. చాలామందికి ఆ రూపాయి ఎన్నడూ రాదు. అప్పు తీరినా తీరకపోయినా మాస్టర్ మాత్రం కంపెనీదే. పొలం తాకట్టు పెట్టి అప్పు తీసుకుని, ఆ అప్పు తీర్చాక కూడా పొలం షావుకారు పేరునే ఉండిపోయినట్టన్నమాట.

ఆనీ డిఫ్రాంకో ఈ ఉచ్చులో పడకపోవడానికి ఆమె ధైర్యం ఒక్కటే కారణం కాదు, ఆమె పాట స్వరూపం కూడా కారణం. ఒక గిటారు, ఒక గొంతు ఉన్న పాటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. పెట్టుబడి అక్కరలేనప్పుడు అడ్వాన్సు అక్కరలేదు, అడ్వాన్సు తీసుకోనప్పుడు మాస్టర్ అప్పగించే అవసరం రాదు. ఆమె ఒంటరిగా కారు నడుపుకుంటూ కాలేజీలకు, కాఫీ దుకాణాలకు, జానపద ఉత్సవాలకు తిరిగింది. ప్రతి ప్రదర్శన తర్వాత బల్ల దగ్గర నిలబడి క్యాసెట్లు అమ్మింది. కొన్నవాళ్లు కాపీలు చేసి స్నేహితులకు ఇచ్చుకున్నారు, ఆ స్నేహితులు తర్వాతి ఏడాది ప్రదర్శనకు టికెట్టు కొన్నారు. 1990 నుంచి 1999 దాకా ఆమె దాదాపు ఏటా ఒక ఆల్బమ్ తెచ్చింది. 1999లో అయితే ఒకటి కంటే ఎక్కువే. పెద్ద కంపెనీలో ఉండి ఉంటే ఇంత వేగం సాధ్యపడేది కాదు. ఒక ఆల్బమ్ ప్రచారం ముగిసేదాకా రెండోది ఆపి ఉంచుతారు.

మా దగ్గర ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. డప్పు, కోరస్, ఒక గొంతుతో పుట్టిన పాటకు లొకేషన్ షూటు, డాన్సర్లు, డ్రోన్ కెమెరా చేరి ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. ఆ ఖర్చు పెట్టుకునే ఛానల్ యజమాని, పాట నాది అంటాడు. మన కాపీరైటు చట్టం ప్రకారం కూడా సౌండ్ రికార్డింగుకు తొలి యజమాని నిర్మాత, అంటే ఆ రికార్డింగు చేయించే చొరవ, బాధ్యత తీసుకున్న మనిషి. పాట బతకడానికి అక్కరలేని ఖర్చును పాట మీద మోపినప్పుడే పాడిన మనిషి యాజమాన్యం చేజారుతున్నదని నేను అనుకుంటాను.

మళ్లీ పాడుకునే హక్కు

1993లో ఆమె ఒక ఆల్బమ్ తెచ్చింది. అందులో పాటలు కొత్తవి కావు. తొలి రెండు ఆల్బమ్‌లలో, అంటే 1990, 1991ల్లో తాను పాడినవాటినే ఎంచుకుని మళ్లీ రికార్డు చేసింది. చేయి తిరిగింది, గొంతు ముదిరింది, పాటలకు ఇంకొంచెం నిండైన వాద్యం కావాలనిపించింది, చేసుకుంది. ఎవరి అనుమతీ అడగలేదు, అడగవలసినవాళ్లు లేరు. ఆమె జీవితంలో ఇది పెద్దగా ఎవరూ చెప్పుకోని ఘట్టం. నాకు మాత్రం ఈ కేసు మొత్తంలో అతి ముఖ్యమైనది ఇదే.

ఎందుకో చెప్పాలంటే మా స్టూడియోలో జరిగినది చెప్పాలి. రెండేళ్ల కిందట కరీంనగర్ వైపు నుంచి ఒక గాయని వచ్చింది. పేరు, ఊరు రాయను. నాటు వేసేటప్పుడు అమ్మమ్మ పాడిన ఒక పల్లవిని తీసుకుని, చరణాలు తానే కట్టి, ఒక ఛానల్‌కు పాడింది. ఏకమొత్తంగా కొంత డబ్బు ఇచ్చారు. పాట బాగా నడిచింది. పెళ్లిళ్లలో, బతుకమ్మ ఆటల్లో డీజే పెట్టెల మీద మోగింది. అదే పాటను వీడియో ఆర్భాటం లేకుండా, జమిడిక అనే జానపద వాద్యం ఒక్కటే పెట్టి, నెమ్మది నడకలో తాను మళ్లీ పాడుకోవాలని మా దగ్గరికి వచ్చింది. ట్రాక్ వేసే ముందు అలవాటు ప్రకారం పాత కాగితం చూపమన్నాను. హ్యాండుబ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన బాండు పేపరు తీసింది. మడతల దగ్గర అక్షరాలు అరిగిపోయాయి. ఇప్పుడు ఉన్న, ఇకముందు రాబోయే సమస్త మాధ్యమాల్లో సర్వహక్కులూ శాశ్వతంగా ఛానల్‌వే అని ఒక వాక్యం, ఈ పాటను గాయని మరే రూపంలోనూ మరెవరికీ, తనకోసం కూడా, పాడరాదని ఇంకొక వాక్యం ఉన్నాయి.

ఆమె నన్ను చూసి, “అన్నా, పాట నేను కట్టిందే గదా, మా అమ్మమ్మ పాడిందే గదా, మళ్ల నన్నే పాడుకోవద్దంటరేంది?” అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. నేను ఆ పూట రికార్డింగు ఆపేసి, కాగితం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. బఫలోలో ఇరవై మూడేళ్ల అమ్మాయి ఏ ఆటంకమూ లేకుండా చేసుకున్న పని, ఇక్కడ ముప్పై ఏళ్ల తర్వాత ఒక వాక్యం కారణంగా ఆగిపోయింది. రెండు చోట్లా పాట పాడిన మనిషిదే. తేడా అల్లా కాగితం.

చేయి, గోరు, టేపు

ధ్వని పనివాడిగా ఆమె గిటారు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆమె కుడిచేతి వేళ్లకు అతికించుకునే గోళ్లు పెట్టుకుని, అవి ఊడిపోకుండా కరెంటు పనివాళ్లు వాడే టేపు చుట్టుకుంటుంది. ఆ గోళ్లతో తీగను మీటడం కంటే కొట్టడమే ఎక్కువ. తీగ మోగిన వెంటనే అరచేతితో నొక్కి ఆపేస్తుంది. అందుకే ఆమె గిటారులో స్వరమూ, దరువూ, నిశ్శబ్దమూ మూడూ ఒకే చేతిలోంచి వస్తాయి. కంప్యూటరు తెర మీద ఆమె పాట తరంగాన్ని చూస్తే గిటారుది కాకుండా డప్పుది చూస్తున్నట్టు ఉంటుంది: నిటారుగా లేచిన అంచు, వెంటనే పడిపోవడం, ఖాళీ. తీగలను కూడా పాట పాటకూ వేరుగా శ్రుతి చేసుకుంటుంది కాబట్టి ప్రదర్శనల్లో ఒకటికి నాలుగు గిటార్లు వెంట ఉంటాయి.

1997లో వచ్చిన రెండు సీడీల ప్రత్యక్ష ప్రదర్శనల ఆల్బమ్ పేరులో క్లిప్ అనే మాట ఉంది. ధ్వని పరికరం మోయగలిగిన స్థాయిని దాటినప్పుడు ఎర్ర దీపం వెలిగితే దాన్ని మేము క్లిప్ అయింది అంటాం. స్టూడియోలో అది తప్పు. ఆమె మాత్రం ఆ ఎర్ర దీపంలోనే కాపురం పెట్టినట్టు పాడింది. డ్రమ్స్ మీద ఆండీ స్టోచాన్‌స్కీ, బాస్ మీద సారా లీ. ఆ ఆల్బమ్ అమెరికాలో భారీ అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది. సొంత అట్టపెట్టెలోంచి మొదలైన కంపెనీ అంత దూరం వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్ అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 పట్టికలో 22వ స్థానంలో అడుగుపెట్టింది.

ఆ ఎదుగుదల వెనక ఉన్న పని గురించి తక్కువమంది మాట్లాడతారు. స్కాట్ ఫిషర్ అనే మిత్రుడు మేనేజరుగా కంపెనీ బాధ్యత చూశాడు. ఆఫీసు న్యూయార్క్ నగరంలో కాకుండా బఫలోలో పెట్టారు. అట్టలు, పోస్టర్లు, టీ షర్టులు చేయించడానికి ఆ ఊరి పనివాళ్లనే చూసుకున్నారు. ఫోను చేసి ఆల్బమ్ తెప్పించుకోవడానికి ఒక ఉచిత నంబరు పెట్టారు. ఆ నంబరును అక్షరాల్లో చదివితే ‘ఆన్ హర్ ఓన్’, తన కాళ్ల మీద తాను అని వస్తుంది. కాని ఫోను ఎత్తి చిరునామా రాసుకునే మనిషి ఒకరు, సీడీ కవర్లో పెట్టి అతికించే మనిషి ఒకరు, లెక్క చూసే మనిషి ఒకరు ఉంటేనే ఆ కాళ్లు నిలబడతాయి. ఇండిపెండెంట్ అంటే ఒంటరి అనుకునే మా కుర్రవాళ్లకు ఈ సంగతి నేను పదేపదే చెబుతాను.

ఆ కాలంలో ఆమె డబ్బు గురించి వార్తలు బాగా వచ్చాయి. కంపెనీ తనదే కాబట్టి పేరున్న పెద్ద బ్యాండు కంటే ఒక్కో ఆల్బమ్ మీద ఆమెకు ఎక్కువ మిగులుతుందని రాశారు. ‘మిజ్’ అనే స్త్రీవాద పత్రిక కూడా 1997లో ఆమెను గౌరవిస్తూ ఆ లెక్కనే ముందు పెట్టింది. ఆమె ఆ పత్రికకు బహిరంగ లేఖ రాసింది. తనను వ్యాపారవేత్తగా కాకుండా పాటలు కట్టే మనిషిగా గుర్తుంచుకోవాలని, లాభం తన లక్ష్యం కాదని ఆ లేఖ సారాంశం. నేను ఆ లేఖను చాలాసార్లు చదివాను. మాస్టర్ తన దగ్గర ఉంచుకోవడం డబ్బు కోసమే అయితే, తగినంత డబ్బు చూపినవాడికి అమ్మేయవచ్చు. పాటను ఎప్పుడు, ఎలా, ఎవరి పక్కన నిలబడి పాడాలో తేల్చుకునే అధికారం కోసం ఉంచుకున్నప్పుడు దానికి ధర ఉండదు. 1999లో ప్రిన్స్ ఆమె ఆల్బమ్‌లో పాడటం, ఆమె అతని ఆల్బమ్‌లో గిటారు వాయించడం నాకు యాదృచ్ఛికంగా కనిపించవు. తన మాస్టర్ల కోసం వార్నర్ కంపెనీతో పోరాడి, చెంప మీద బానిస అని రాసుకుని తిరిగిన కళాకారుడాయన.

అధికారం చేతిలో ఉన్న మనిషి దానితో ఏం చేసిందన్నది కూడా కేసులో భాగమే. యూటా ఫిలిప్స్ అనే వృద్ధ కార్మిక గాయకుడు వేదికల మీద చెప్పిన కథల టేపులు తీసుకుని, ఆ మాటల కింద తాను దరువులు, వాద్యాలు పరిచి 1996లో ఆల్బమ్‌గా తెచ్చింది. ఒగ్గు కథకుడి గొంతును చెక్కు చెదరనీయకుండా కింద కొత్త లయ వేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు. ఆమె ఆ ముసలాయన ఊపిరిని ఎక్కడా కోయలేదు. ఆండ్రూ బర్డ్ ఆల్బమ్‌లు ఆమె కంపెనీ నుంచే వచ్చాయి. అనాయిస్ మిచెల్ రాసిన ‘హేడ్స్‌టౌన్’ 2010లో ఆల్బమ్‌గా వచ్చింది అక్కడి నుంచే. అందులో పెర్సెఫొనీ పాత్ర పాటలు ఆనీ పాడింది. అది నాటకంగా న్యూయార్క్‌లోని పేరున్న నాటకశాలల కేంద్రం బ్రాడ్వేకు చేరి 2019లో ఉత్తమ సంగీత నాటకంగా టోనీ అవార్డు అందుకుంది. 2024లో ఆమె అదే పాత్రలో బ్రాడ్వే వేదిక ఎక్కింది. కూల్చివేత అంచున నిలిచిన పాత చర్చి భవనాన్ని బఫలోలో బాగుచేయించి కచేరీ హాలుగా, కళాకేంద్రంగా, కంపెనీ ఆఫీసుగా మార్చారు. ఇప్పుడు దాన్ని బేబ్‌విల్ అంటారు.

శరీరం, వరద, పొరపాటు

ఈ దారిలో పాడిన మనిషి చెల్లించే మూల్యం ఉంది. ఆల్బమ్‌లు అమ్ముడవడానికి ప్రదర్శనే ఆధారమైనప్పుడు, ప్రదర్శన ఆగితే అన్నీ ఆగుతాయి. దాదాపు పదిహేనేళ్లు ఎడతెరిపి లేకుండా తిరిగి, తీగలను అంత బలంగా కొట్టిన ఆ చేతికి 2005లో స్నాయువుల వాపు వచ్చింది. తొమ్మిది నెలలు ప్రదర్శనలు ఆపుకోవలసి వచ్చింది. పెద్ద కంపెనీ ఉంటే ఆ తొమ్మిది నెలలు ఎవరో ఒకరు పోషించేవారని కాదు. సొంత కంపెనీ ఉన్నప్పుడు ఆ మణికట్టు మీద ఇతరుల జీతాలు కూడా ఆధారపడి ఉంటాయి. మా జానపద గాయనులు బతుకమ్మ, సమ్మక్క జాతర రోజుల్లో ఒక్క రాత్రిలో రెండు మూడు ఊళ్లు తిరిగి, మరునాడు బొంగురు గొంతుతో స్టూడియోకు వచ్చినప్పుడు నేను మైకు ఆపేసి పంపించేస్తాను. ఆ విషయంలో ఆనీ మణికట్టు నాకు గుర్తుకు వస్తుంది.

అదే ఏడాది కట్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచింది. ఆమె అక్కడ ఒక ఆల్బమ్ మధ్యలో ఉంది. మాస్టర్లు మునిగిన నగరంలో ఉండిపోతే, వాటిని తిరిగి తెచ్చుకుని, బఫలోలో అందుబాటులో ఉన్న కొద్ది పరికరాలతోనే పూర్తిచేసి 2006లో విడుదల చేసింది. యాజమాన్యం అంటే కాగితం మీద సంతకమే కాదు, తుపాను వచ్చినప్పుడు ఆ పెట్టె ఎక్కడుందో తెలిసి ఉండటం కూడా. నేను అప్పటి నుంచి ప్రతి సెషనూ రెండు హార్డ్‌డిస్కుల్లో వేసి, ఒకటి గాయకుడి చేతికే ఇస్తున్నాను.

ఆమె పొరపాటును కూడా రాయాలి. 2013 చివర్లో లూసియానాలో ఒకప్పుడు బానిసలతో పని చేయించిన నాట్టొవే అనే తోట బంగళాలో పాటల శిబిరం పెట్టబోయింది. నల్లజాతి స్త్రీల నుంచి, ఆమె అభిమానుల నుంచే తీవ్రమైన అభ్యంతరం వచ్చింది. శిబిరం రద్దు చేసింది గాని, మొదట ఇచ్చిన ప్రకటనలో క్షమాపణ లేదు. విమర్శ ఇంకా పెరిగాక కొద్ది రోజులకు క్షమాపణ చెప్పింది. అప్పటికే ఇరవై ఏళ్లకు పైగా అన్యాయం గురించి పాడిన మనిషికి ఇది చిన్న తప్పు కాదు. తన పేరు మీద తానే అన్నీ నిర్ణయించుకునే చోట వద్దని చెప్పే గొంతు ముందే వినిపించకపోవడం ప్రమాదమని నేను దీన్ని చదువుకున్నాను.

మన దగ్గరికి తెచ్చుకోగలిగినది

ఆనీ పాటలు ఆమె సొంతం, మాట మాటా ఆమె రాసినవే. మా దగ్గరికి వచ్చే పాటల్లో సగం పల్లవులు ఊరివి. నాట్లలో, కోలాటాల్లో, తిరగలి దగ్గర ఎవరో కట్టి, ఎందరో పాడి మన దాకా వచ్చినవి. వాటిని ఏ గాయనీ నావి అనడానికి లేదు, ఏ ఛానలూ అనకూడదు. గాయని కట్టిన చరణాలు, ఆమె గొంతులో రికార్డయిన ఆ ధ్వని, ఈ రెండే కాగితం మీదికి ఎక్కదగినవి. ఈ తేడా తెలియకుండా బఫలో కథను ఇక్కడ అచ్చంగా దించితే, ఛానల్ చేసిన తప్పునే గాయని చేత చేయించినవాళ్లమవుతాం.

ఆ గాయని విషయంలో నేను ఒక న్యాయవాది మిత్రుడితో కలిసి ఛానల్‌వాళ్లతో మూడుసార్లు కూర్చున్నాను. 2012 సవరణ తర్వాత మన చట్టంలో కొన్ని ఆధారాలు ఉన్నాయి. బదిలీ చేసే నాటికి లేని మాధ్యమం ఆ కాగితంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప బదిలీలోకి రాదు. సౌండ్ రికార్డింగులో చేరిన సాహిత్యానికీ సంగీతానికీ వచ్చే రాయల్టీలో, అంటే పాట వాడకానికి రావలసిన సొమ్ములో, సమాన వాటా హక్కును రచయిత వదులుకున్నా ఆ వదులుకోవడం చెల్లదు. కాలపరిమితి రాయని చోట ఐదేళ్లుగా, ప్రాంతం రాయని చోట భారతదేశం వరకుగా భావిస్తారు. ఆమె కాగితంలో శాశ్వతం అని రాసి ఉంది కాబట్టి ఐదేళ్ల ఆధారం మాకు పనికిరాలేదు, రాయల్టీ వాటా ఆధారం పనికొచ్చింది. వాదన పెంచకుండా, పల్లవి ఎవరి సొంతమూ కాదన్న మాట ముందు ఒప్పించాం. ఆ మాట ఒప్పుకున్నాక రెండో వాక్యం నిలబడటం కష్టమైంది.

కొత్త కాగితంలో వీడియో ఛానల్‌దే. చరణాల రచయితగా ఆమె పేరు పాట కింద పడుతుంది, రాయల్టీలో ఆమె వాటా ఆమెకు వస్తుంది. అదే పాటను వేరే నడకలో, వేరే వాద్యాలతో పాడుకునే హక్కు ఆమెకు ఉంది, ఆ రికార్డింగు ఖర్చు ఆమే పెట్టుకుంటే మాస్టర్ ఆమెదే. ఖర్చు ఎంతవుతుందని అడిగింది. జమిడిక వాయించే తాతకు ఒక పూట కూలి, స్టూడియో ఒక పూట, అంతేనని చెప్పాను. మరుసటి గురువారం పొద్దున తాతను వెంటబెట్టుకుని వచ్చింది. మూడో టేకు బాగా వచ్చింది. హార్డ్‌డిస్కును తన పాత బాండు పేపరు పెట్టుకున్న అదే హ్యాండుబ్యాగులో పెట్టుకుని, హనుమకొండ బస్టాండులో మధ్యాహ్నం బస్సు ఎక్కింది.